గోదావరి డెల్టా హోటళ్లలో గ్రీజు ట్రాప్ శుభ్రత: కొలత నుంచి తరలింపు వరకు సమగ్ర మార్గదర్శి

భీమవరంలో భోజన హోటల్ అయినా, తాపేశ్వరంలో కాజాలు చేసే మిఠాయి దుకాణం అయినా, అమలాపురంలో కల్యాణ మండపం వంటశాల అయినా, అంట్లు తోమిన నీరు సింకు గొట్టం దాటాక ఎక్కడికి చేరుతుందో యజమానికి తెలిసి ఉండాలి. మెట్ట ప్రాంతంలో నేలకు వాలు ఉంటుంది కనుక మురుగు తనంత తానే తరలిపోతుంది. డెల్టాలో నేల చదును. వీధి డ్రెయిను నుంచి మురుగు కాలువకు, అక్కడి నుంచి యనమదుర్రు వంటి పెద్ద డ్రెయినుకు నీరు నిదానంగా కదులుతుంది. భారీ వానలప్పుడు ఒక్కోసారి కదలనే కదలదు. అలాంటి చోట గొట్టంలోకి వదిలిన జిడ్డు దూరం పోదు, మన ప్రహరీ అవతలే పేరుకుంటుంది. పక్కనున్న పంట కాలువలోకి దారి దొరికితే మరీ ప్రమాదం, ఎందుకంటే ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీటితోనే ఎన్నో గ్రామాలు వేసవిలో కాలువలు కట్టేసే లోపు తమ మంచినీటి చెరువులను నింపుకుంటాయి. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం కాలువలు, చెరువుల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలంలో నూనె, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదు. మున్సిపాలిటీ మురుగు గొట్టంలోకి అయితే 20 మిల్లీగ్రాములు. నెయ్యి మూకుడు కడిగిన నీరు నేరుగా పోతే ఈ హద్దులో ఉండే అవకాశమే లేదు.

సింకు నీటిలోని జిడ్డును వీధి గొట్టంలోకి పోనివ్వకుండా పట్టి ఉంచే పెట్టె లేదా తొట్టే గ్రీజు ట్రాప్. అది ఉన్నంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. లోపల ఖాళీ ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. ఆ ఖాళీని కొలిచి, వేళకు తోడి, తోడినదాన్ని సరైన చోటికి పంపడమే నిర్వహణ.

లోపల జరిగేది

నూనె నీటికంటే తేలిక. సింకు నుంచి ఉరుకుతూ వచ్చిన నీటి వేగం ట్రాప్‌లోని అడ్డుపలకల దగ్గర తగ్గుతుంది, నీరు చల్లబడుతుంది, నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి పైకి చేరి తెట్టు కడతాయి. మెతుకులు, పప్పు బద్దలు, పిండి అడుగుకు దిగి మడ్డి అవుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న నీరు మాత్రమే అవతలి గొట్టం గుండా బయటికి పోవాలి. అందుకే ఆ గొట్టం మూతిని నీటి మట్టం దగ్గర కాకుండా, టీ ఆకారపు ముక్క బిగించి, తెట్టుకు బాగా కిందుగా, మడ్డికి కొంచెం పైగా ఉంచుతారు.

తెట్టు, మడ్డి పెరిగేకొద్దీ మధ్య నీటి పొర పలచబడుతుంది. అప్పుడు నీరు ట్రాప్‌లో నిలిచే సమయం తగ్గి, విడిపోని నూనె అలాగే దాటిపోతుంది. వేడి కూడా ఇదే హాని చేస్తుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటిన నీటిని గుండిగలతో సింకులో గుమ్మరిస్తే పాత తెట్టు కూడా కరిగి బయటికి సాగుతుంది, చల్లని గొట్టంలో మళ్లీ గడ్డకడుతుంది. సబ్బు ఎక్కువైతే నూనె నీటిలో కలిసిపోయి విడివడదు. వంటశాలలో వాడే కొవ్వు రకం కూడా చూసుకోవాలి. నెయ్యి, వనస్పతి త్వరగా గట్టిపడి తెట్టు పలకలా లేస్తుంది; తవుడు నూనె, సన్‌ఫ్లవర్ నూనె ద్రవంగానే తేలుతాయి కనుక, వాటిని వాడేచోట తెట్టు చూడటానికి పలచగా ఉన్నా లోతు ఎక్కువే ఉండవచ్చు.

పరిమాణం సరిపోతుందా?

శుభ్రం చేసే క్రమం మొదలుపెట్టే ముందు ట్రాప్ మన వంటశాలకు సరిపోయే కొలతలో ఉందో లేదో చూసుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 30 లోతు ఉన్న సింకులో 81 లీటర్లు పడతాయి. మూడు సింకులకు 243 లీటర్లు. సామాన్లు మునిగి ఉంటాయి కనుక అందులో ముప్పాతిక వంతే నీరని లెక్కవేస్తే సుమారు 182 లీటర్లు. ఇవి రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేటట్లయితే ట్రాప్ నిమిషానికి 91 లీటర్ల ప్రవాహాన్ని తట్టుకోవాలి. ఆరుబయట భూమిలో కట్టే పెద్ద తొట్టిలో నీరు అరగంట నిలవాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 91 లీటర్లను 30తో గుణిస్తే 2,730 లీటర్లు వస్తుంది కనుక 3,000 లీటర్ల తొట్టి కావాలి. సింకు కింద పట్టే చిన్న పెట్టెను పెట్టుకుని వంద విస్తళ్ల భోజనం నడిపితే ఎంత శ్రద్ధగా కడిగినా ఫలితం ఉండదు. అక్కడ మార్చవలసింది ట్రాప్‌నే.

కర్రతో కొలవడం

ట్రాప్ నిండిందని వాసనను బట్టి తెలుసుకుందామనుకుంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. పాటించవలసిన నియమం ఒక్కటే: తెట్టు, మడ్డి కలిపి మొత్తం లోతులో నాలుగో వంతుకు చేరకముందే శుభ్రం చేయాలి.

కొలవడానికి తొట్టి లోతుకంటే రెండడుగులు పొడవైన నిటారు సరుగుడు కర్ర చాలు. దాని ఒక కొసకు అరచేయంత రేకును అడ్డంగా మేకు వేసి బిగించండి, సెంటీమీటర్ల గీతలు గీయండి. రేకును నిలువుగా వాల్చి తెట్టును చీల్చుకుంటూ కిందికి దించి, నీటిలోకి చేరాక కర్రను నిటారుగా నిలిపి మెల్లగా పైకి లాగితే, ఒకచోట చేతికి బరువు తగులుతుంది. అది తెట్టు అడుగు. అక్కడ తొట్టి అంచుకు తాకిన గీతను గుర్తుపెట్టుకుని, ఇంకా పైకి లాగి రేకు తెట్టు పైభాగానికి వచ్చినప్పటి గీతను చూసుకుంటే, రెండింటి తేడా తెట్టు మందం. మడ్డి కొలవడానికి కర్ర రెండో కొసకు పాత తెల్ల పంచె ముక్కను బిగుతుగా చుట్టి, అడుగు తాకేదాకా దించి, నిమిషంసేపు కదపకుండా ఉంచి తీయాలి. నల్లగా, ముద్దగా మడ్డి పట్టినంత మేర మడ్డి లోతు. దానిపైన గుడ్డ బూడిదరంగుకు తిరుగుతుంది.

120 సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో నాలుగో వంతు అంటే 30 సెంటీమీటర్లు. తెట్టు 18, మడ్డి 14 వస్తే మొత్తం 32. ఆ తొట్టికి గడువు దాటిపోయినట్లే. 40 సెంటీమీటర్ల లోతున్న సింకు కింది పెట్టెకు హద్దు 10 సెంటీమీటర్లే. కొత్తగా మొదలుపెట్టినవారు చిన్న పెట్టెను రెండు రోజులకోసారి, పెద్ద తొట్టిని వారానికోసారి కొలిచి పుస్తకంలో రాసుకుంటే, నెల తిరిగేసరికి తమ వంటశాల లెక్క తమకే తెలిసిపోతుంది. సాధారణంగా చిన్న పెట్టెకు వారం నుంచి రెండు వారాలు, పెద్ద తొట్టికి నెల నుంచి మూడు నెలలు పడుతుంది. మాఘ, ఫాల్గుణాల్లోనో, శ్రావణంలోనో ముహూర్తాలు వరుసగా ఉన్నప్పుడు మండపాల్లో ఈ వ్యవధి సగానికి పడిపోతుంది కనుక, ముహూర్తాల పట్టిక చేతికి రాగానే శుభ్రత తేదీలను కూడా దానిపక్కనే రాసుకోవడం మంచిది.

సింకు కింది చిన్న ట్రాప్‌ను శుభ్రం చేసే క్రమం

రాత్రి అంట్లు తోమడం పూర్తయ్యాక ట్రాప్‌ను అలాగే వదిలి, తెల్లవారి పొయ్యి వెలిగించకముందే పని మొదలుపెట్టాలి. రాత్రంతా చల్లబడిన తెట్టు గట్టిపడి ముక్కలుగా లేస్తుంది. వేడిగా ఉన్నప్పుడు తీయబోతే సగం నీటిలోనే కలుస్తుంది. ఆ పూట వండే సరుకును దూరంగా జరిపి, నేలమీద పాత గోనెసంచులు పరిచి, రబ్బరు తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, కిటికీలు తలుపులు తెరవండి. సింకులో ఎవరూ నీళ్లు వదలకుండా చూడండి.

మూత బోల్టులను ఒకవైపు నుంచి కాకుండా ఎదురెదురుగా వదులు చేస్తే కింది రబ్బరు పట్టీ చిరగదు. మూత తీయగానే దేన్నీ ముట్టుకోకుండా నీటి మట్టం చూడండి. అది ఎప్పటికంటే పైకి ఉంటే బయటి గొట్టం మూసుకుపోతోందని, కిందికి ఉంటే పెట్టె ఎక్కడో కారుతోందని అర్థం. తోడేశాక ఈ రెండూ తెలియవు.

చిల్లుల గరిటెతో తెట్టును నీరు వారుస్తూ తీసి మూత ఉన్న బకెట్లో వేయండి. తర్వాత మధ్య నీటిని మగ్గుతో తోడి వేరే బకెట్లో పక్కన పెట్టండి. దాన్ని నేరుగా కాలువలోకో, బాత్రూం గొట్టంలోకో పోయకూడదు. అడుగు మడ్డిని గరిటెతో ఎత్తి తెట్టు బకెట్లోనే కలపండి. అడ్డుపలకలను బయటికి తీసే ముందు ఏది ఏ గాడిలో, ఏ ముఖం ఎటు ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తారుమారుగా బిగిస్తే నీరు పలకల మధ్య తిరగకుండా నేరుగా పోతుంది. పలకలను, గోడలను ప్లాస్టిక్ గీకుడు చెక్కతో గీకాలి. లోనికి వచ్చే గొట్టం, బయటికి పోయే గొట్టం రెంటిలోనూ పొడవైన బ్రష్షు పెట్టి తిప్పాలి. చాలామంది వదిలేసేది ఈ బయటి గొట్టాన్నే. సింకు పారడం మందగించడానికి ఎక్కువసార్లు కారణం అదే.

ఈ పనిలో మరిగే నీరు, కాస్టిక్ సోడా, యాసిడ్ వాడకూడదు. కాస్టిక్ సోడా జిడ్డును సబ్బుగా మార్చి ముందుకు తోస్తుంది, నీటిలోని కాల్షియంతో కలిసి అది గొట్టంలో రాయిలా బిగుస్తుంది. ట్రాప్ మన చేతిలో ఉంది, మూత తీసి తోడుకోవచ్చు; వీధి కింది గొట్టం మన చేతిలో లేదు.

పలకలు తిరిగి బిగించాక పక్కన పెట్టిన నీటిని సింకు వైపు నుంచి సన్నధారగా పోయండి. ఆపైన బయటి గొట్టం నుంచి పొర్లేదాకా చల్లటి మంచినీరు నింపండి. ఖాళీ ట్రాప్ జిడ్డును ఆపదు, మురుగు వాయువును కూడా ఆపదు. పట్టీని తుడిచి, పగుళ్లు ఉంటే మార్చి, మూత బిగించి, సింకు నిండా నీరు వదిలి ఎక్కడా చెమ్మ లేదని చూసుకున్న తర్వాతే వంటమేస్త్రీకి వంటశాల అప్పగించాలి.

భూమిలోని పెద్ద తొట్టి

దీన్ని ట్యాంకర్‌తో తోడించాలి. ట్యాంకర్ పట్టే నీరు మన తొట్టి సామర్థ్యానికి తగ్గకుండా ఉండాలి. 3,000 లీటర్ల తొట్టికి 2,000 లీటర్ల బండి వస్తే, పైతెట్టు పీల్చి మడ్డిని వదిలేస్తారు; లేదా బండిలో తేరిన నీటిని తిరిగి తొట్టిలోకి వదులుతారు. రెండింటికీ ఒప్పుకోవద్దు. తోడుతున్నంతసేపు మన మనిషి ఒకరు అక్కడే నిలబడి ఉండాలి. మొదట తెట్టు, తర్వాత నీరు, చివరికి మడ్డి పీల్చాక, గోడలకు పట్టిన జిడ్డును పైనుంచే పొడవైన గీకుడు కర్రతోనో, ఒత్తిడి నీటితోనో రాల్చి దాన్ని కూడా పీల్పించాలి. అప్పుడు టార్చి వేసి టీ ముక్కలను చూడండి. బయటి గొట్టం వైపున్న టీ విరిగి కింద పడి ఉంటే, తెట్టు నేరుగా బయటికి పోతూ ఉంటుంది. కాంక్రీటు గోడలు నీటి మట్టానికి పైభాగంలో పొడిపొడిగా రాలుతుంటే అది ఆమ్లం తిన్న గుర్తు. చింతపండు పులుసు, పులిసిన పిండి, తొట్టిలో పుట్టే వాయువు కలిసి చేసే పని అది. మరమ్మతు ఆ రోజే పురమాయించాలి.

మనిషిని దింపవద్దు

ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పవలసి ఉంది. మూసిన తొట్టిలో కుళ్లిన మడ్డి నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఇది గాలికంటే బరువైనది కనుక అడుగునే నిలుస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. కానీ గాలిలో దాని మోతాదు పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాలకు చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసనను పట్టలేదు. వాసన పోయిందని లోనికి దిగినవారు అక్కడే పడిపోతారు, వారిని లాగడానికి దిగిన రెండో మనిషి కూడా పడిపోతారు. మీథేన్ కూడా ఉంటుంది కనుక మూత దగ్గర బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగు ఉండకూడదు.

మురుగు గొట్టాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. కట్టినది గ్రీజు ట్రాప్ కదా అనే వాదనతో ప్రాణాలతో ఆడుకోవడం తగదు. జారిపడిన బకెట్ కోసమైనా, విరిగిన టీ కోసమైనా దిగనివ్వవద్దు. కొక్కెం కట్టిన కర్రతో పైకి తీయాలి. ఎవరైనా పడిపోతే వెనకే దిగకుండా 101కి, 108కి ఫోన్ చేసి, పైనుంచి గాలి పంపే ఏర్పాటు చేయాలి. పని జరుగుతున్నంతసేపు మూత చుట్టూ తాడు కట్టి, ఇద్దరికి తక్కువ కాకుండా ఉండాలి. పని ముగిశాక మూత బిగించకుండా ఎవరూ వెళ్లకూడదు. మండపాల్లో పిల్లలు పరుగెత్తేది ఆ పెరట్లోనే.

వానాకాలం, వరద రోజులు

డెల్టాలో భూగర్భజలం పైకే ఉంటుంది, గోదావరికి వరద వచ్చే శ్రావణ భాద్రపదాల్లో ఇంకా పైకి వస్తుంది. అప్పుడు పూర్తిగా తోడిన తొట్టిని భూమిలోని నీరు కింది నుంచి పైకి నెడుతుంది. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పున్న తొట్టి అడుగుకంటే భూగర్భజలం మీటరు పైన నిలిచి ఉంటే, ఆ నెట్టుడు సుమారు 2,000 కిలోలు. ప్లాస్టిక్ లేదా ఫైబర్ తొట్టి అయితే గొట్టాలు తెంపుకుని లేస్తుంది. కాంక్రీటుదైతే అతుకుల దగ్గర పగులుతుంది. కనుక జూన్‌లో, వానలు ముదరకముందే పూర్తి శుభ్రత చేయించాలి. వరద రోజుల్లో తప్పనిసరైతే తెట్టును మాత్రం తీయించి, తీసినంత నీటిని వెంటనే నింపాలి. వీధి డ్రెయిను పొంగితే మురుగు వెనక్కి తన్ని ట్రాప్‌లోని తెట్టును వంటశాల జాలీల గుండా పైకి తెస్తుంది. బయటి గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు బిగించుకోవడం తుపాన్ల సీజనుకు ముందే చేయవలసిన ఖర్చు. మూత చుట్టూ నేలను నాలుగంగుళాలు ఎత్తు చేస్తే వాననీరు తొట్టిలోకి దిగదు.

జిడ్డును వంటశాలలోనే ఆపడం

ట్రాప్‌లోకి పోయే సరుకును సగానికి తగ్గించడం తోమేచోటే సాధ్యం. మూకుళ్లు, పెనాలు, నెయ్యి గిన్నెలు నీళ్లు తగలకముందే, కొంచెం వేడిగా ఉండగా పాత కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని పొడి చెత్తలో వేయాలి. పాకం మూకుళ్లను అడుగంటా గీకి తీయాలి; పంచదార ట్రాప్‌లో పులిసి, వాసనకూ ఆమ్లానికీ కారణమవుతుంది. గంజి, బియ్యం కడుగునీళ్లు సింకులోకి పోకూడదు. మన పల్లెల్లో వాటిని కుడితిగా పశువులకు పెట్టే అలవాటు ఇంకా ఉంది. పట్నంలోని హోటలు కూడా ఒక పాల రైతుతో మాట్లాడుకుంటే పొద్దున్నే డబ్బా తీసుకువెళతారు. రొయ్య పొట్టు, చేప పొలుసు శుభ్రం చేసే సింకుకు సన్నకన్ను జాలీ వేరుగా ఉండాలి.

వేయించగా మిగిలిన నూనెను ట్రాప్‌లో పోయడం అసలే కూడదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం నూనెలో పోలార్ సమ్మేళనాలు (మళ్లీ మళ్లీ కాచినప్పుడు నూనె చెడి పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే దానితో వండకూడదు. అలాంటి నూనెను బయోడీజిల్ తయారీకి సేకరించే రూకో పథకాన్ని ఆ సంస్థ 2018లో ప్రారంభించింది. ఈ నూనెను వడగట్టి డబ్బాలో నిల్వ చేసి, అనుమతి ఉన్న సేకరణదారులకే ఇచ్చి రసీదు తీసుకోవాలి. ట్రాప్ తెట్టు మాత్రం మురుగుతో కలిసినది. దాన్ని ఈ నూనెలో కలపరాదు, వడగట్టి నూనెగా అమ్మే వారికి ఎంత ధర చెప్పినా ఇవ్వరాదు.

తోడినది ఎక్కడికి?

చిన్న ట్రాప్‌ల తెట్టును వరి ఊకతోనో, కోనసీమలో అయితే చవకగా దొరికే కొబ్బరి పొట్టుతోనో కలిపి, నీరు కారని ముద్దగా మార్చి, మందపాటి సంచిలో కట్టి మున్సిపాలిటీ చెత్త బండికి అప్పగించవచ్చు. ముందుగా పారిశుద్ధ్య విభాగంతో మాట్లాడి ఉంచుకోవాలి. దగ్గర్లో బయోగ్యాస్ ప్లాంటు ఉంటే కొంతమేర అక్కడ తీసుకుంటారు. పెద్ద తొట్టి ట్యాంకర్ విషయంలో బండి నంబరు, తీసుకెళ్లిన లీటర్లు, దించే చోటు రాసిన కాగితం తీసుకోకుండా డబ్బు ఇవ్వవద్దు. రాత్రివేళ పంట కాలువ గట్టునో, చేపల చెరువు పక్కనో వదిలే బండి చవకగానే వస్తుంది. ఆ జిడ్డు నీటిమీద పొరలా పరుచుకుని గాలిని లోనికి దిగనివ్వదు, కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. తెల్లారేసరికి చేపలు తేలితే ఆ రైతు ఏడాది కష్టం పోయినట్లే.

లోపాలు కనబడితే

శుభ్రం చేసిన రెండు రోజులకే వాసన వస్తుంటే మూత పట్టీని, గాలి గొట్టాన్ని చూడండి. ఆపైన గంజి, పిండి ఎక్కడి నుంచి దిగుతున్నాయో వెతకండి. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ పోస్తే వాసన పూటసేపు ఆగుతుంది గానీ, మడ్డి అలాగే ఉంటుంది. జిడ్డు కరిగిస్తాయని అమ్మే ఎంజైము ద్రావణాల్లో చాలావరకు జిడ్డును ద్రవంగా మార్చి ముందుకు పంపేవే. బ్యాక్టీరియా పొడులు కొంత మేలు చేసినా, వాటిని నమ్మి తోడటం మానకూడదు.

ట్రాప్ ఒక్కసారిగా త్వరగా నిండుతుంటే, తుడవకుండా తోముతున్నారనో, ఎవరో పాత నూనె పోస్తున్నారనో అర్థం. అంతకంటే ఎక్కువగా పట్టించుకోవలసింది, వంట తగ్గకుండానే ట్రాప్ నిండటం ఆగిపోవడం. ఇది చూసి సంతోషించేవారే ఎక్కువ. నిజానికి జిడ్డు దాటిపోతోంది: బయటి టీ ఊడి ఉండాలి, పలక పక్కకు జరిగి ఉండాలి, లేదా మరిగే నీరు పడుతూ ఉండాలి. ట్రాప్ అవతలి చాంబరు మూత ఎత్తి గోడలు చూడండి. అక్కడ తెల్లటి జిడ్డు పట్టీ కనిపిస్తే ఆ రోజు సింకులు ఆపి, టీ ముక్కనూ పలకలనూ సరిచేయించాకే నీరు వదలండి.

పెళ్లిళ్లు లేని మూఢం రోజుల్లో మండపం ట్రాప్‌ను నిండుగా వదిలేయకూడదు. చివరి ముహూర్తం మర్నాడే తోడించి, మంచినీరు నింపి, వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు సింకులో పోస్తూ ఉంటే మట్టం తగ్గకుండా ఉంటుంది, గొట్టంలోని వాయువు వంటశాలలోకి రాదు.

పుస్తకంలో రాయవలసినవి కొద్దే: తేదీ, తెట్టు సెంటీమీటర్లు, మడ్డి సెంటీమీటర్లు, తోడిన లీటర్లు, ట్యాంకర్ నంబరు, మార్చిన భాగం, చూసినవారి సంతకం. ఆహార భద్రతాధికారి గానీ, కాలుష్య నియంత్రణ మండలి వారు గానీ అడిగినప్పుడు చూపడానికి ఈ పుస్తకాన్నీ ట్యాంకర్ కాగితాలనూ ఒకేచోట, వంటశాల తలుపు పక్కనే ఉంచండి.